పావుగంటకు సగం

ఎనుమాముల యార్డుల మిర్చి నిండిన నెల.
గోడౌన్ వెనక నా గదిల
ఏసీ గాలి గూడ ఘాటే.
ర్యాకులకు ముక్కు లేదు, బతికినయి.

మాకు రెండు దారులు.
ఒకటి కాజీపేట మీదుగ, రైలు పట్టాల పక్కపొంటి.
ఇంకోటి హుజూరాబాద్ తొవ్వల, కరెంటు స్తంభాల మీద.
ఇద్దరు ప్రొవైడర్లు, రెండు బిల్లులు.
ఒకటి పోతే ఒకటి ఉంటదని
సెక్రటరీకి నేనే నచ్చజెప్పి సంతకం పెట్టించిన.

రాత్రి పదకొండు నలభైకి
ఎల్కతుర్తి దగ్గర స్తంభం మీది డబ్బాల
ఒక పోగు వదులైంది.
తెగలేదు. తెగితే బాగుండు,
తెగినదానికి ఒక్కటే ఏడుపు.
వదులైనది గాలి కొట్టినప్పుడల్లా
ఉన్న అంటది, లేను అంటది,
మళ్ల ఉన్న అంటది.

ఓదెలు బండేసుకొని పోయి స్తంభమెక్కిండు.
నాకు ఊకుండబుద్ధి గాలె.
సెషన్ పడగొట్టి లేపిన.
ఇంకోసారి పడగొట్టి లేపిన.

పన్నెండు ఇరువైకి అన్ని దీపాలు పచ్చగ.
గేటు కాడ చీటీ మాత్రం వస్తలేదు.
మొగుళ్ళపల్లి నుంచి ముప్పై బస్తాలతోని వచ్చిన
రాజవీరు కిటికీల తల పెట్టిండు:
"ఇంకెంతసేపు బిడ్డా?"
"దారి బాగైంది బాపు" అన్న.
"మరి?"
మరి.

ఎక్కడో, నేను ఎన్నడూ చూడని రౌటర్లు
మా అడ్రసు ముందట లెక్క రాసుకున్నయి.
పడితే వెయ్యి. లేచి పడితే ఇంకో వెయ్యి.
రెండు వేలు దాటినోని మాట ఇనొద్దు.
ఏడువందల యాభైకి దిగినంక పిలువొచ్చు.
పావుగంటకు సగం మాఫీ.
దస్తీ పరిచి మొక్కినా
ఒక్క నిమిషం తగ్గదు.

కాజీపేట దారి ఆ రాత్రి రెప్ప గూడ ఆర్పలేదు.
అయినా ఇటు పడ్డప్పుడల్లా
లోకం అటు మర్లింది,
లేచినప్పుడల్లా ఇటు మర్లింది.
ఒక్క పడుడు నాలుగు నోళ్ళల్ల బడి
అక్కడికి చేరేసరికి నాలుగు పడుడులు.
రెండు కిటికీలున్న ఇంట్ల లొల్లి
రెండు వాడలకు వినబడ్డట్టు.
భద్రానికని కొన్న రెండో దారే
మా పేరును రెండు దిక్కుల చెడగొట్టింది.

హైదరాబాద్ నుంచి ముస్తఫా సార్ ఫోన్ల:
"కుచ్ నక్కో కరో అమ్మా. ముట్టకు.
ముట్టినకొద్దీ పెరుగుతది."
చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూసున్న.

నాలుగు వేలు రెండు వేలైతున్నయనుకుంట
గడియారం దిక్కు చూస్తున్న.
రాజవీరు బస్తాల మీదనే ఒరిగి గురక వెడుతున్నడు.
ఓదెలు వచ్చిండు,
వేళ్ళకు కేబుల్ జిగురు, రెండు చాయ్‌లు.
ఎందుకు వస్తలేదో అడిగితే చెప్పిన,
వెయ్యి, రెండు వేలు, పావుగంటకు సగం.

చాలసేపు ఏం మాట్లాడలే.
"అక్కా, నేను మందు మాని ఇయ్యాల్టికి ఇరువై రెండొద్దులు.
మూడోసారి మానుడు."
తెలుసన్న.
"మా లచ్చవ్వ నమ్ముతలేదు.
దాని లెక్కల గూడ
పావుగంటకు సగం పోతదా?"

నీ పావుగంట ఎన్ని నెలలో అని
నోటిదాక వచ్చి ఆగిన.
"రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి చెప్తున్న,
తాగలేదు, తాగలేదు, తాగలేదని."
"గదేరా ముట్టుడు" అన్న.

వాడు చాయ్ దిక్కు చూసిండు.

ఒంటిగంటకు మూడు నిమిషాల ముందు
గేటు కాడ ప్రింటర్ దగ్గింది.
ఎవరో రాజవీరును లేపుతున్నరు.
ముప్పై బస్తాలకు ఒక చీటీ,
మసక సిరాతోని.

ఓదెలు జేబుల నుంచి ఫోన్ తీసిండు,
లచ్చవ్వ పేరు మీద బొటనవేలు పెట్టి
కొంచెంసేపు అట్లనే ఉంచిండు.
మళ్ల తీసి
ఫోన్‌ను టేబుల్ మీద బోర్లించిండు.

చాయ్ చల్లారింది.
మిర్చి గాలికి ఇద్దరం ఒక్కసారే తుమ్మినం.